మిషను ఎవరిది?

మా అయ్య పాలేరు. తిరువూరుకు ఆరేడు మైళ్ళ అవతల ఒక ఊళ్ళో, ఒకే కామందు దగ్గర పదకొండేళ్ళు జీతం చేశాడు. జీతమంటే నెలనెలా చేతికొచ్చే డబ్బనుకోకండి. పాలేరు జీతం ఏడాదికొక లెక్క. మధ్యలో జ్వరమొచ్చినా, ఇంట్లో పురుడొచ్చినా, చావొచ్చినా కామందు దగ్గరే చేబదులు. ఆ చేబదుళ్ళన్నీ పద్దు పుస్తకంలో ఎక్కుతాయి. ఏడాది తిరిగేసరికి జీతమంతా అప్పు కింద జమైపోయి ఇంకా కొంత అప్పు మిగిలుంటుంది. ఆ మిగిలిందే మా అయ్యను మళ్ళీ ఏడాది అదే దొడ్లో కట్టేసేది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చిందని బీఎడ్ చదివేటప్పుడు తెలుసుకున్నాను. అది మా ఊరి పొలిమేర దాటి లోపలికి రాలేదు.

1998లో నేను అయిదో తరగతి. ఒకరోజు అమ్మ, "అయ్య పద్దు ఎంతుందో కనుక్కుని రా పాపా" అని నన్ను పంపింది. తను పోకుండా నన్నెందుకు పంపిందో అప్పుడు తెలియలేదు. అడిగే నోరు తనకు లేదనుకుంది. బళ్ళో చదువుకునే పిల్లను కాబట్టి నాకుందనుకుంది.

కామందు ఇంటి అరుగు మీద గుమాస్తా కూర్చునున్నాడు. నేను అరుగు కింద, ఎండలో.

"ఏమే, ఎవరి పిల్లవే?"

చెప్పాను. పుస్తకం తిరగేశాడు. "రెండువేల ఎనిమిది వందలు. మీ అయ్యకు చెప్పు."

అరుగు నా గడ్డం ఎత్తుంది. పుస్తకం నాకు తలకిందులుగా కనపడుతోంది. తలకిందులుగా చదవడం నాకు బాగా అలవాటు. బళ్ళో పుస్తకాల్లేని పిల్లలం ఎదురుగా కూర్చున్నవాళ్ళ పుస్తకంలోనే చదువుకునేవాళ్ళం. అక్కడ 2080 అని ఉంది.

"రెండువేల ఎనభై కదండీ" అన్నాను.

ఆయన కొట్టలేదు. తిట్టలేదు. పుస్తకం మూసేశాడు. "పుస్తకంలో ఉన్నదే చెప్పాను, పో" అన్నాడు. ఆ రాత్రి మా అయ్య భుజం మీది తువ్వాలు చేత్తో పట్టుకుని ఆ అరుగు ముందు నిలబడి, పిల్ల తెలియక మాట్లాడిందని చెప్పి వచ్చాడు. ఆ 720 రూపాయలూ మా అయ్య నడుం మీదే పడ్డాయి.

ఈ సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, 2025 మార్చిలో ఒకామె మా ఇంటి గడప ముందు నిలబడి ఇట్టాగే లెక్క అడిగింది. ఈసారి అరుగు మీద కూర్చున్నది మేము.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగి, డీఎస్సీ రాసి సర్కారు బడి టీచరునయ్యాను. ఇప్పుడు తిరువూరులో అద్దె ఇంట్లో అమ్మ, నేను, తమ్ముడు ఉంటున్నాం. తమ్ముడు ఫీజు రీయింబర్స్‌మెంటు ఉండబట్టి బీటెక్ చేశాడు. హైదరాబాదులో ఒక కంపెనీలో కస్టమర్ సపోర్టు ఉద్యోగం దొరికింది. రాత్రంతా మేలుకుని అమెరికా వాళ్ళ ఫోన్లకు జవాబులు చెప్పే పని. అక్కడ వాడికొక ఇంగ్లీషు పేరు పెట్టారు. "అక్కా, నాకా పేరే బాగుంది. దానికి ఇంటిపేరు లేదు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గాని ఆ మాట నాకు నవ్వు తెప్పించలేదు. ఇంటిపేరు చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం ఎట్టా మారుతుందో మా ఇద్దరికీ తెలుసు.

2023లో ఆ ఉద్యోగం పోయింది. ఇక మీ పని చాట్‌బాట్ చేస్తుందని చెప్పి పంపించేశారు. ఇది మా వాడొక్కడి కథ కాదు. 2024 ఫిబ్రవరిలో స్వీడన్‌కు చెందిన క్లార్నా కంపెనీ, తమ ఏఐ అసిస్టెంటు 700 మంది ఉద్యోగుల పని చేస్తోందని గొప్పగా ప్రకటించుకుంది. మరుసటి ఏడాది అదే కంపెనీ, కావాలంటే మనిషితో మాట్లాడే వీలు జనానికి ఉండాలంటూ మళ్ళీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. మా తమ్ముణ్ణి మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు.

తిరువూరు వచ్చి వాడు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. మా వైపు మిర్చి, పత్తి, మామిడి. మూడింటికీ కూలి ముఠాలే చేతులు. ముఠాకొక మేస్త్రి. ఎవరెవరు ఎన్ని రోజులొచ్చారు, ఎవరికి ఒంటిపూట, ఎవరికి నాగా, ఎవరెంత అడ్వాన్సు తీసుకున్నారు, ఇదంతా మేస్త్రి నోటి లెక్క, లేకపోతే రైతు పుస్తకం లెక్క. తమ్ముడు ఆ లెక్కను ఫోనులోకి తెచ్చాడు. మేస్త్రి పేర్లు ఎక్కించుకుని రోజుకొక గుర్తు పెడితే చాలు. కోత అయిపోయి లెక్క ముగించినప్పుడు ఎవరి లెక్క వాళ్ళ ఫోనుకు పోతుంది. నెలకు 99 రూపాయలు. నూట ముప్పై మంది దాకా కట్టేవాళ్ళు. దాని పేరు ఇక్కడ రాయను. ఇది ప్రచారం కాదు. సర్కారు ఉద్యోగిని కాబట్టి అందులో నాకు వాటా గాని జీతం గాని లేవు. రాత్రిపూట తమ్ముడి పక్కన కూర్చుని తెలుగు రాసిపెట్టేదాన్ని, అంతే.

అయినా ఆ సాఫ్ట్‌వేర్ అంటే నాకు అభిమానం. మా అయ్య పుస్తకాన్ని తిరగేసి మా వైపు తిప్పినట్టుండేది.

కష్టమంతా ఫోన్లతో వచ్చింది. మేస్త్రులు పొలానికి పోయేముందు తెల్లవారుజామున అయిదింటికి చేస్తారు. మళ్ళీ రాత్రి తొమ్మిదింటికి చేస్తారు. "అడ్వాన్సు రెండుసార్లు పడింది, ఏం చెయ్యాలి?" "ఫోను నీళ్ళలో పడింది, లెక్కలు పోయినట్టేనా?" "మా ముఠాలో మరియమ్మలు ముగ్గురు, ఎవరికెక్కిందో తెలియడం లేదు." తమ్ముడు ఒక్కడే. అన్నం ముందు కూర్చుంటే ఫోను, పడుకుంటే ఫోను. చివరికి తన ఉద్యోగాన్ని మింగిన యంత్రాన్నే ఇంటికి తెచ్చుకున్నాడు. మేస్త్రి వాట్సాప్‌లో మాట్లాడి పంపితే, ఆ మాటను అక్షరాలుగా మార్చి, మేం రాసిపెట్టిన జవాబుల్లో సరిపడేది వెతికి, తెలుగులో మాట కట్టి తిరిగి పంపే ఏఐ అసిస్టెంటు.

అదెట్టా పనిచేస్తుందో నాకు అర్థమైనంతవరకు చెప్తాను. దానికి కోట్ల పేజీలు చదివించారు. ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో అది లెక్కగడుతుంది. ఆ లెక్కతో ఒక్కో మాటా పేర్చుకుంటూ పోతుంది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక లోకమంతా దీన్ని చూసింది. దానికి మన సాఫ్ట్‌వేర్ సంగతి ఏమీ తెలియదు. కాబట్టి మనమొక పుస్తకం రాసిచ్చి, ఇందులో ఉన్నదే చెప్పాలని కట్టడి చెయ్యాలి. ఆ పుస్తకం రాసే పని నాది. రెండు వందల ప్రశ్నలు, రెండు వందల జవాబులు.

మొదట్లో దాని తెలుగు చూసి నాకు ఒళ్ళు మండింది. "మీ అభ్యర్థన స్వీకరించబడినది. దయచేసి సంబంధిత ఎంపికను ఎంచుకొనగలరు." ఏ మేస్త్రికి అర్థమవుతుంది ఇది? ఆఫీసు గోడమీది నోటీసు భాష. కృష్ణా జిల్లా తెలుగే ప్రామాణికమంటారు. నేను కృష్ణా జిల్లాలోనే పుట్టాను. తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి పోయింది 2022లో. కాని మా మాదిగపేట తెలుగు ఆ ప్రామాణికం లెక్కలో ఏనాడూ లేదు. బళ్ళో మా మాట మాట్లాడితే నవ్వారు. పరీక్షలో రాస్తే సున్నా చుట్టారు. అదే నవ్వు ఇప్పుడు యంత్రంలో ఉంది. ఒక మేస్త్రి, "లచ్చమ్మకు నిన్న నాగా, తీసెయ్యి" అని చెప్తే, "నాగ గారి ఖాతా కనపడలేదు" అని జవాబిచ్చింది. పని మానిన రోజును నాగా అంటారని దానికి తెలియదు. కూలోళ్ళు రోజూ వాడే మాట అది.

దేశంలో ఈ పని జరగడం లేదని కాదు. కేంద్రం 2022లో భాషిణి మొదలుపెట్టింది. మద్రాసు ఐఐటీలో ఏఐ4భారత్ వాళ్ళు మన భాషల గొంతులు సేకరిస్తున్నారు. మంచిదే. నాకున్న ప్రశ్న ఒక్కటే. అందులో మిర్చి కోతకు పోయే ఆడదాని గొంతు ఎంత ఉంది? లేకపోతే మనమే పోయి చెప్పాలి. నేను నా రెండు వందల జవాబుల్నీ చించేసి మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ రాశాను. ఒంటిపూట, నాగా, బత్తెం, చేబదులు, సాలు, మాపటేల అన్నీ ఎక్కించాను. మా పేట మాట మొట్టమొదటిసారి ఒక యంత్రానికి పాఠమైంది.

రాయడం అయ్యాక అమ్మ చేతనే పరీక్ష పెట్టించాను. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "అయ్యా, నేనెన్ని రోజులు పన్లోకి పోయానో ఎట్టా తెలుస్తది?" అని భయపడుతూ అడిగింది. అది జవాబు చదివింది. "మీరు అడిగింది అర్థమైందమ్మా. మీ పేరు మీద వేలు పెట్టండి, మీ రోజులన్నీ కనపడతాయి."

అమ్మ ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. "ఎవరే ఈయన? మనల్ని మీరంటున్నాడు."

"మనిషి కాదమ్మా, మిషను."

"మన ఇంటిపేరు చెప్పావా దానికి?"

"లేదు."

"అదీ సంగతి" అంది అమ్మ.

మా అమ్మకు అరవై దాటాయి. ఈ అరవై ఏళ్ళలో ఏ కౌంటరు దగ్గరా ఆమెను ఎవరూ మీరనలేదు. పాతికేళ్ళ కుర్ర గుమాస్తా కూడా "ఏంటమ్మా, నీకు చెప్తే అర్థం కాదా" అనేవాడే. తెలుగులో ఎదుటివాళ్ళ కులం తెలుసుకోకుండా నోరు విప్పడం కష్టం. నువ్వా, మీరా అన్నది తేలితేనే వాక్యం పూర్తవుతుంది. యంత్రానికి ఆ బెడద లేదు. అందరికీ మీరే. అందుకే ఏఐని ఎగతాళి చేసే పెద్దల మాటలు నేను పూర్తిగా నమ్మను. మనుషుల కౌంటరు వాళ్ళకు తియ్యగా ఉండుంటుంది. మాకు లేదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మెటాతో కలిసి 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ పాలన మొదలుపెట్టినప్పుడు మా పేటలో కొందరు సంతోషించింది అందుకే. సర్టిఫికెట్టు కోసం ఎవరి మొహమూ చూడక్కర్లేదు, ఎవరి ముందూ నిలబడక్కర్లేదు అనుకున్నారు. ఆ సంతోషం ఎక్కడినుంచి వచ్చిందో తెలియనివాళ్ళు దాన్ని అమాయకత్వం అంటారు.

నేనూ అక్కడే ఆగిపోయేదాన్ని. మార్చిలో ఆమె రాకపోతే.

గంపలగూడెం వైపు నుంచి వచ్చింది. మన మనిషే. పదకొండు మంది ఆడవాళ్ళతో మిర్చి ముఠా నడుపుతుంది. వాళ్ళ ఆయన తాగి చనిపోతే మేస్త్రితనం తను పట్టుకుంది. మా సాఫ్ట్‌వేర్‌లో పొరపాటున ముఠా పేరు రెండుసార్లు ఎక్కింది. అక్కర్లేనిది తీసెయ్యబోయి అసలుదాన్ని తీసేసింది. ఇరవై రెండు రోజుల లెక్క పోయింది. ఆ రాత్రే భయపడి మా అసిస్టెంటును అడిగింది. "ముఠా తీసేశా. మళ్ళా వస్తదా?"

జవాబు ఆమె ఫోనులో ఇప్పటికీ ఉంది. "కంగారు పడకండమ్మా. తీసేసిన లెక్క ముప్పై రోజుల వరకు భద్రంగా ఉంటుంది. ఆ లోపు ఎప్పుడైనా తిరిగి తెచ్చుకోవచ్చు."

ఎంత మంచి తెలుగు! నేను నేర్పిందే. కాని మా సాఫ్ట్‌వేర్‌లో అట్టాంటి సదుపాయమే లేదు. మా తమ్ముడు రోజూ రాత్రి ఒక నకలు తీసి ఏడు రోజులు ఉంచుతాడు. ఎనిమిదో రోజు పాతది చెరిగిపోతుంది. ఆ వారంలో ఆమె మాకు ఒక్క ఫోను చేసి ఉంటే లెక్క దొరికేది. యంత్రం కంగారు పడొద్దంది కాబట్టి ఆమె కంగారు పడలేదు. పొద్దున్నే కొత్త ముఠా ఎక్కించుకుని పనిలోకి పోయింది. పంతొమ్మిది రోజుల తర్వాత రైతు దగ్గర లెక్క తేల్చేరోజు ఫోను తీసి చూసుకుంటే ఏమీ లేదు. ఇరవై రెండు రోజులు చేశామని వీళ్ళు. నా పుస్తకంలో పద్దెనిమిదే ఉన్నాయని రైతు. ముఠాలో ఒక ముసలమ్మ తన గుడిసె గోడమీద బొగ్గుతో రోజుకొక గీత గీసుకుంది. పోయి లెక్కపెడితే ఇరవై రెండు. "గోడమీది గీతలు ఒక లెక్కా?" అన్నాడు రైతు. పద్దెనిమిది రోజులకే కట్టిచ్చాడు.

ఆమె మా గడప ముందు నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "మీ కుర్రోడు చెప్పాడుగా, ముప్పై రోజులుంటదని" అంది. అది మనిషే అనుకుంది పాపం.

తమ్ముడు బిత్తరపోయాడు. "మా వాళ్ళెవరూ చెప్పలేదమ్మా. అది మిషను. మిషను అట్టా చెప్పింది."

ఆమె అరవలేదు. నెమ్మదిగా అడిగింది. "మిషను ఎవరిది నాయనా?"

నాకు కాళ్ళ కింద నేల కదిలింది. పుస్తకంలో ఉన్నదే చెప్పాను, పో. ఆ అరుగు, ఆ ఎండ, నా గడ్డం ఎత్తున మూసుకున్న పుస్తకం గుర్తొచ్చాయి. గుమాస్తా మమ్మల్ని ఏమే అన్నాడు, మా మిషను ఆమెను మీరంది. తేడా అంతే. ఆయన పుస్తకం వెనక దాక్కున్నాడు. మేము మిషను వెనక దాక్కోబోయాం. మర్యాదగా చెప్పినా ఆ మాటకు నిలబడే మనిషి లేకపోతే ఆ మర్యాద ఎవరి కడుపు నింపుతుంది?

ఆ రాత్రి తమ్ముడూ నేనూ గట్టిగానే తగువులాడుకున్నాం. "అక్కా, ఏఐ ఒక్కోసారి ఇట్టా చెప్తుంది. దీన్ని హాల్యూసినేషన్ అంటారు. పెద్దపెద్ద కంపెనీలకే తప్పడం లేదు" అన్నాడు.

"ఈ ముప్పై రోజులు దానికెక్కడ దొరికాయి?" అన్నాను.

వెతికితే తెలిసింది. తీసేసినవి ముప్పై రోజులు ఉంచే సాఫ్ట్‌వేర్లు లోకంలో చాలా ఉన్నాయి. అది చదివిన కోట్ల పేజీల్లో ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో. నా రెండు వందల జవాబుల్లో తీసేసిన ముఠా సంగతి లేదు. నేనే మర్చిపోయాను. మేం రాయని చోట అది పెద్ద కంపెనీల మాట తెచ్చి పూడ్చింది. తెలియదని చెప్పడం దానికి మేం నేర్పలేదు. తప్పు యంత్రానిది ఎంతో, రాసిన నాది అంత, దాన్ని చూడకుండా వదిలేసిన తమ్ముడిది అంత.

తమ్ముడే ఒక తీర్పు తీసి చూపించాడు. కెనడాలో ఒకాయన బంధువు చనిపోతే విమానం టికెట్టు తగ్గింపు గురించి ఎయిర్ కెనడా చాట్‌బాట్‌ను అడిగాడు. ముందు టికెట్టు కొనుక్కుని తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చని అది చెప్పింది. కంపెనీ నియమం అది కాదు. డబ్బు ఇవ్వమన్నారు. ఆయన ట్రైబ్యునల్‌కు పోయాడు. చాట్‌బాట్ మాటకు మేం బాధ్యులం కాదన్నట్టు కంపెనీ వాదించింది. వెబ్‌సైటులో ఉన్న ప్రతి మాటకూ కంపెనీదే బాధ్యత, అది చాట్‌బాట్ చెప్పినా సరే అని 2024 ఫిబ్రవరిలో ట్రైబ్యునల్ తేల్చి నష్టపరిహారం ఇప్పించింది. ఆ తర్వాత 2025 ఏప్రిల్లో ప్రోగ్రామర్లు వాడే కర్సర్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇదే గతి పట్టింది. దాని సపోర్టు ఏఐ లేని నియమాన్ని ఉన్నట్టు చెప్పింది. వాడేవాళ్ళు కోపంతో చందాలు మానుకున్నారు. కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకరు బయటికొచ్చి క్షమాపణ చెప్పారు.

కెనడా ఆయనకు ట్రైబ్యునల్ ఉంది. ప్రోగ్రామర్లకు అరిచే నోరు, వినే లోకం ఉన్నాయి. గంపలగూడెం వైపు మిర్చి మేస్త్రికి ఏముంది? మా గడప ఉంది.

పదకొండు మంది, నాలుగు రోజులు, రోజుకు మూడు వందలు. 13,200 రూపాయలు. సాఫ్ట్‌వేర్ మీద వచ్చే నెల రాబడి కంటే కాస్త ఎక్కువ. తమ్ముడు కట్టాడు. ఆమె నోట్లు లెక్కపెట్టుకుని, "ఇది రైతు ఇయ్యాల్సిన డబ్బు. మీరిచ్చారు. రైతు లెక్క అట్టాగే ఉండిపోయింది" అంది. ఆ మాట నిజం. మా డబ్బుతో వాళ్ళ కూలి వచ్చింది గాని వాళ్ళ మాట నెగ్గలేదు. దానికి మా దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ముఠా తీసేసినా నెలరోజులు నకలు ఉండేట్టు తమ్ముడు సాఫ్ట్‌వేర్ మార్చాడు. యంత్రం చెప్పిన అబద్ధాన్ని అట్టా నిజం చేశాడు. అసిస్టెంటు మొదటి మాటలోనే తను మిషనునని చెప్తుంది. డబ్బు, తీసెయ్యడం, తగాదా ఈ మూడింట్లో ఏది వచ్చినా జవాబు చెప్పకుండా మనిషికి అప్పజెప్తుంది. మా పుస్తకంలో లేనిది అడిగితే "నాకు తెలియదమ్మా" అంటుంది. ప్రతి జవాబు కిందా మా తమ్ముడి పేరు, ఫోను నంబరు ఉంటాయి. ఆదివారం ఆదివారం వారంలో అది చెప్పిన జవాబులన్నీ నేను ఎర్ర కలంతో దిద్దుతాను. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టే. వచ్చే ప్రశ్నల్లో పదింట ఆరేడు అదే సరిగ్గా చెప్తుంది. మిగతావాటికి మా పేటలో డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్న అమ్మాయిని పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పెట్టుకున్నాం.

దీంతో అంతా బాగుపడిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ అమ్మాయి వచ్చిన పదో రోజున ఒక పెద్ద మేస్త్రి ఫోను చేశాడు. మనవాడు కాదు. "చెప్పండమ్మా, మీరు చెప్పినట్టే చేస్తా" అని మొదలుపెట్టాడు. మధ్యలో, "ఏ ఊరమ్మా మీది? ఎవరమ్మాయివి?" అన్నాడు. చెప్పింది. ఆ తర్వాత, "సరేలే, మీ సారుకియ్యి ఫోను" అన్నాడు. ఒక్క నిమిషంలో మీరు పోయి నువ్వొచ్చింది. మిషనును ఏ మేస్త్రీ ఎవరమ్మాయివని అడగలేదు.

ఆ సాయంత్రం, "ఫోన్లు మానేస్తావా? రాత పని చూసుకో" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "లేదు టీచరక్కా. నేనే మాట్లాడతా. తప్పు చెప్తే వొచ్చి నన్నే అడుగుతారు గదా. మిషనునైతే ఎవరిని అడుగుతారు?" అంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. నేను పాతికేళ్ళుగా వెతుక్కుంటున్న మాట అది.

మిత్రులారా, ఇది చదివే మీలో ఉద్యమాల్లో తిరిగేవాళ్ళున్నారు, యూనివర్సిటీల్లో చదివేవాళ్ళున్నారు. 1920లో అంబేద్కర్ పెట్టిన పత్రిక పేరు మూక్‌నాయక్, మూగవాళ్ళ నాయకుడు. మాకు నోరు లేక మూగవాళ్ళం కాలేదు. అడిగితే జవాబు చెప్పే దిక్కు లేక అయ్యాం. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అందులో బలం ఎక్కడుందంటే, జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరో ముందే తేల్చారు. ముప్పై రోజుల గడువు పెట్టారు. జవాబు రాకపోతే, వచ్చింది నచ్చకపోతే పైన అప్పీలుందన్నారు. మనిషి, గడువు, అప్పీలు. ఈ మూడూ ఉంటేనే అది జవాబు. లేకపోతే అరుగు మీంచి విసిరిన మాట.

రేపు రేషను కార్డు సంగతి, స్కాలర్‌షిప్పు సంగతి, పింఛను సంగతి మన అమ్మలకు ఇట్టాంటి యంత్రాలే చెప్తాయి. మీరంటూ చెప్తాయి. చెప్పనివ్వండి. ఆ మీరును వదులుకోవద్దు, అది మనకు ఊరికే రాలేదు. కాని వాటికి మన పేట మాట నేర్పమని అడగండి. నేర్పే పని మన పిల్లలకు జీతమిచ్చి చేయించమని అడగండి. అది చెప్పిన జవాబు తప్పయితే ఎవరి పేరు మీద, ఎన్ని రోజుల్లో, ఎక్కడ అప్పీలు పెట్టుకోవాలో ఆ జవాబు కిందనే రాయమని అడగండి. సిస్టమ్‌లో అట్టా ఉందమ్మా అని ఎవరైనా అంటే ఊరుకుని రాకండి.

పోయిన ఆదివారం జవాబులు దిద్దుతుంటే గంపలగూడెం ఆమె పేరు కనపడింది. ఇప్పటికీ 99 రూపాయలు కడుతోంది. మామిడి కోతకు కొత్త ముఠా ఎక్కించుకుంది. అసిస్టెంటు ఏదో జవాబిస్తే దానికింద ఆమె ఇట్టా అడిగింది. "ఇది మిషను చెప్తుందా, మీరు చెప్తున్నారా?"

ఫోను చేసి నేనే చెప్పాను.